ఆసుపత్రి తాళం ఇంటివాళ్ళ చేతిలో ఉండొచ్చా? చైనా మానసిక ఆరోగ్య చట్టం మీద చర్చ

లాపాయింట్ | శనివారం రాత్రి 9:10

ముందు ఒక కేసు చెబుతాను. ప్రశ్న ఆ తర్వాత.

షాంఘైలో ఒకాయన ఉన్నాడు. ఆస్ట్రేలియాలో కొన్నేళ్ళుండి తిరిగొచ్చాడు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బని తేల్చారు. 2003లో తండ్రి ఆసుపత్రిలో చేర్పించాడు. తండ్రి పోయాక గార్డియన్ బాధ్యత అన్నకు వచ్చింది. జబ్బు నెమ్మదించింది. అయినా అన్న సంతకం పెడితేనే పంపిస్తామని ఆసుపత్రి వాళ్ళు అన్నారు. అన్న పెట్టలేదు.

చైనాలో జాతీయ స్థాయిలో మొదటి మానసిక ఆరోగ్య చట్టం 2013 మే 1న అమల్లోకి వచ్చింది. రాగానే ఈయన ఆసుపత్రి మీదా అన్న మీదా దావా వేశాడు. ఆ చట్టం కింద మొదటి కేసుగా దానికి పేరొచ్చింది. 2015లో కింది కోర్టు కొట్టేసింది, పై కోర్టూ అదే మాట చెప్పింది. చివరికి 2017లో నిపుణుల పరీక్షలో, తన నిర్ణయాలు తాను తీసుకునే సామర్థ్యం ఆయనకు పూర్తిగా ఉందని తేలింది. ఆ సెప్టెంబరులో బయటికొచ్చాడు. చేరిన నాటికీ బయటికొచ్చిన నాటికీ పద్నాలుగేళ్ళు.

చట్టం చూస్తే, చేరడం రోగి ఇష్టమే అని మొదట్లోనే ఉంది. మినహాయింపులు రెండు. జబ్బు తీవ్రంగా ఉండి ఎదుటివాళ్ళకు హాని చేసినా, చేసేలా ఉన్నా, రోగి ఒప్పుకోకపోయినా సరే చేర్చుకోవచ్చు. అప్పుడు ఇంకో డాక్టరు చేత మళ్ళీ పరీక్ష అడిగే హక్కు ఉంది. తనకు తాను హాని చేసుకునేలా ఉంటే మాత్రం గార్డియన్ ఒప్పుకుంటే చేర్పు, ఒప్పుకోకపోతే లేదు. ఇక్కడ రెండో పరీక్ష అడిగే దారి చట్టంలో పెట్టలేదు. డిశ్చార్జి అడగాల్సిందీ గార్డియనే.

ఇంత అధికారం ఇంటివాళ్ళకు ఇవ్వొచ్చా? నేనైతే ఇవ్వకూడదంటాను.

---

గోదారిగట్టు | శనివారం రాత్రి 10:02

లాపాయింట్ గారూ, మీరు బాబో, అమ్మాయో నాకు తెలీదు. మీ ఇంట్లో ఇలాంటి మనిషి లేరని మాత్రం అర్థమైంది.

మా మరిదికి ఇదే జబ్బు. ఇరవై ఆరేళ్ళ నుంచి నేనే చూస్తున్నాను. మొదటి మూడేళ్ళు మాత్ర పొడి చేసి పెరుగన్నంలో కలిపి పెట్టాను. ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకుని, "వదినా, చేదుగా ఉంది" అన్నాడు. మజ్జిగ పులిసిందన్నాను. తప్పే. కానీ ఆ మూడేళ్ళు మాత్ర పడకపోతే ఇవాళ తన షర్టు తాను ఇస్త్రీ చేసుకునే మనిషి అయ్యేవాడు కాదు. అర్ధరాత్రి వీధిలోకి పరిగెడితే వెనక పరిగెత్తేది కోర్టా?

చైనా వాళ్ళు ఇంటివాళ్ళను నమ్మారు. నాకు అందులో వింతేమీ కనపడలేదు.

---

మూడో_బెంచి | శనివారం రాత్రి 11:25

నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను. ఏ ఊరో చెప్పను. సైకియాట్రీ వార్డులో కొన్ని వారాలే పోస్టింగు, కాబట్టి నా మాటను ఆ మేరకే తీసుకోండి.

ఆ వార్డులో నేను ఎక్కువసార్లు విన్న మాట "జియాషు". ఇంటివాళ్ళు అని అర్థం. రోగి వచ్చి కూర్చోగానే డాక్టరు తలెత్తి అడిగేది "జియాషు వచ్చారా?" అనే. నలభై ఏళ్ళ మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఎన్ని గంటలు నిద్రపోతున్నాడని పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ తల్లిని అడుగుతారు. ఆవిడ చెబుతుంది. ఆయన గోడకేసి చూస్తుంటాడు. ఎవరికీ అది అమర్యాదగా అనిపించదు. సైకియాట్రీలోనే కాదు, అపెండిక్స్ ఆపరేషనుకైనా అక్కడ ఇంటివాళ్ళ సంతకం కోసం చూస్తారు.

చట్టం వల్ల ఈ అలవాటు పుట్టలేదు. ఉన్న అలవాటునే చట్టంలో రాశారు. ముసాయిదా పని 1985లో మొదలైతే చట్టం ఆమోదం పొందింది 2012 అక్టోబరులో. 27 ఏళ్ళు నలిగాక కూడా ఆ ఒక్క సంగతి మారలేదు.

---

చెప్పులోరాయి | ఆదివారం ఉదయం 7:40

గోదారిగట్టు గారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంటివాళ్ళు అంటే మీలాంటి వదినే అని ఎందుకు అనుకోవాలి? షాంఘై కేసులో అన్న కూడా ఇంటివాడేగా.

ఇంకో లెక్క. బీజింగ్‌లో తీవ్ర మానసిక రోగుల గార్డియన్లకు ఏడాదికి 2,400 యువాన్లు ఇచ్చే పథకం పెట్టారు. షరతు ఏంటంటే రోగి ఆ ఏడాది ఏ గొడవా చేయకూడదు. అంటే గార్డియన్ని కాపలాదారుగా జీతానికి పెట్టుకున్నట్టే కదా! రోగికి నయమైందా, పని దొరికిందా, పెళ్ళయిందా అనేది షరతులో లేదు. గొడవ చేశాడా లేదా, అంతే.

---

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 8:15

ఏడాదికి 2,400 యువాన్లంటే మన డబ్బులో ఎంత?

---

చెప్పులోరాయి | ఆదివారం ఉదయం 8:21

పాతిక వేల పైచిలుకు, అటూ ఇటూగా.

---

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 8:24

నాకు ఇంతవరకూ ఎవరూ పాతిక రూపాయలు కూడా ఇవ్వలేదు నాయనా. జీతమైతే జీతమే అనుకుందాం.

---

ఉప్మా_బాధితుడు | ఆదివారం ఉదయం 9:30

చర్చ సీరియస్‌గా ఉంది, మధ్యలో దూరినందుకు క్షమించండి. షాంఘై మానసిక ఆరోగ్య కేంద్రం ఉండేది వాన్‌పింగ్ దక్షిణ వీధి 600 నంబరులో. మన దగ్గర "ఎర్రగడ్డకి పంపాలి" అన్నట్టు షాంఘై వాళ్ళు "600 నంబరు" అంటారు. 2021లో మధ్య శరదృతువు పండక్కి ఆ ఆసుపత్రి క్యాంటీన్‌లో చేసిన మూన్‌కేకులు, మీద ఆసుపత్రి పేరుతో సహా, నెట్‌లో వైరల్ అయ్యాయి. బయట అమ్మేవి కావయ్యా అన్నా జనం ఎగబడ్డారు. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరున్న లడ్డూ డబ్బా కోసం హైదరాబాద్‌లో క్యూ కడతారా? ఊహించుకోండి. భయం కొంత తగ్గిందేమో అక్కడ.

---

మూడో_బెంచి | ఆదివారం ఉదయం 10:05

నగరాల్లో కుర్రకారుకి తగ్గింది, ఒప్పుకుంటా. కానీ "షెన్‌జింగ్‌బింగ్" (మాటకు మాట "నరాల జబ్బు", వాడుకలో పిచ్చి) ఇప్పటికీ తిట్టే. ట్రాఫిక్‌లో స్కూటరు అడ్డొస్తే వాడే మాట. అందుకే వెనకటి తరం "నరాల బలహీనత" అని చెప్పుకునేది, దాని పేరు షెన్‌జింగ్ ష్వైరువో. తలనొప్పి, నిద్రలేమి, నీరసం. 1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు హునాన్‌లో అలాంటి 100 మందిని పరీక్షిస్తే 87 మందిలో డిప్రెషన్ కనిపించింది. సాంస్కృతిక విప్లవం ముగిసి అప్పటికి నాలుగేళ్ళే. మనసు బాగాలేదని చెబితే రాజకీయంగా తేడా మనిషి అనుకునే రోజులు. నరాలు బాగాలేవంటే ఎవరూ ఏమీ అనరు.

---

లాపాయింట్ | ఆదివారం ఉదయం 10:40

బాగుంది కానీ దారి తప్పుతున్నాం. నా ప్రశ్న తాళం గురించి.

---

మూడో_బెంచి | ఆదివారం ఉదయం 11:12

సరే, తాళం గురించే. ఇంటివాళ్ళ చేతిలోంచి తీసేస్తే ఎవరి చేతికి వెళ్తుందో కూడా చూడాలిగా.

హెనాన్‌లో ఒక రైతు పొరుగావిడ స్థలం తగాదా విషయంలో ఆవిడ తరఫున పై ఆఫీసుల చుట్టూ ఫిర్యాదులు పట్టుకుని తిరిగాడు. 2003లో పట్టుకుని మానసిక ఆసుపత్రిలో పెట్టారు. 2010 దాకా, ఆరున్నరేళ్ళు. చేర్పించింది స్థానిక అధికారులు. ఇంటివాళ్ళకు కనీసం చెప్పలేదు. పత్రికల్లో వచ్చాకే వదిలారు. ఇలాంటివి చాలా బయటపడి, "బెయ్ జింగ్‌షెన్‌బింగ్" అనే మాట పుట్టింది. "పిచ్చివాణ్ణి చేయబడ్డవాడు" అన్నమాట. చట్టానికి ఊపు వచ్చింది ఆ గొడవతోనే. అధికారుల కంటే అన్నయ్య నయం అని అక్కడి జనానికి అనిపించిందంటే తప్పు పట్టగలమా?

రెండోది, చేతులెక్కడున్నాయి? 2014 చివరికి దేశం మొత్తానికి 1,650 మానసిక వైద్య సంస్థలు, 2,28,000 పడకలు, 20 వేల పైచిలుకు సైకియాట్రిస్టులు. రిజిస్టరులో ఉన్న తీవ్ర రోగులే 43 లక్షల మంది. మిగతా పనంతా ఎవరు చేస్తున్నట్టు? గోదారిగట్టు గారి లాంటివాళ్ళు.

---

చెప్పులోరాయి | ఆదివారం మధ్యాహ్నం 12:50

అందుకే "ఇంటివాళ్ళు" అన్న మాట వింటే నాకు గుబులు. డబ్బూ మనుషులూ లేక వదిలేసిన పనికి సంస్కృతి అని పేరు పెడతారు.

2004 చివర్లో అక్కడ "686" అని ఒక కార్యక్రమం మొదలైంది. మొదటి బడ్జెట్టు 68.6 లక్షల యువాన్లు కాబట్టి ఆ పేరు. ఊళ్ళల్లోకి వెళ్ళి రోగుల్ని వెతికి, మందులు ఉచితంగా ఇచ్చి, ఇంటికొచ్చి చూసే ఏర్పాటు. అప్పుడు దొరికారు, ఇళ్ళల్లో గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు, ఇనప బోనుల్లో ఉన్నవాళ్ళు. కట్టేసింది ఎవరు? ఇంటివాళ్ళే.

---

మూడో_బెంచి | ఆదివారం మధ్యాహ్నం 1:15

సగమే చెప్పారు. గొలుసులు విప్పించిన రెండు వందల యాభై మందికి పైగా రోగుల్ని తర్వాత వెళ్ళి చూస్తే, 92 శాతం మంది ఇంకా స్వేచ్ఛగానే ఉన్నారు. ఇల్లు అదే, అమ్మానాన్నా వాళ్ళే. మారింది ఏంటంటే నెలనెలా మందు అందుతోంది, ఆరోగ్య కార్యకర్త తలుపు తడుతోంది. వాళ్ళు కట్టేసింది దుర్మార్గంతో కాదు. పొలానికి వెళ్ళాలి, చూసేవాళ్ళు లేరు.

---

చెప్పులోరాయి | ఆదివారం మధ్యాహ్నం 1:31

ఇది ఒప్పుకుంటున్నా. 92 సంగతి నాకు తెలీదు.

---

సించూ_సుబ్బారావు | ఆదివారం సాయంత్రం 5:20

తైవాన్‌లో చిప్పుల ఫ్యాక్టరీ ఉద్యోగం నాది. అందరూ "చైనీస్ సంస్కృతి అంతే" అంటుంటే ఇది చెప్పాలనిపించింది. ఇక్కడా అదే భాష, అదే పూర్వీకుల పూజ, కొడుకు అమ్మానాన్నల్ని చూసుకోవాలన్న పట్టింపూ అదే. అయినా 2007లో చట్టం మార్చి, బలవంతపు చేర్పుల్ని ఒక సమీక్షా కమిటీ తేల్చేలా పెట్టారు. 2022లో ఇంకోసారి మార్చి ఆ నిర్ణయం కోర్టుకే అప్పగించారు. ఇంటివాళ్ళను తరిమేయలేదు, వాళ్ళ మాట వింటారు. చివరి ముద్ర మాత్రం వాళ్ళది కాదు. సంస్కృతి ఒకటే అయినా తాళం వేరే చోట పెట్టగలిగారు.

---

లాపాయింట్ | ఆదివారం రాత్రి 8:05

సుబ్బారావు గారూ, నేను రెండు రోజులుగా చెప్పలేకపోతున్నది మీరు నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనలేదు. వాళ్ళ సంతకాన్ని ఇంకొకరు ఎప్పుడో ఒకప్పుడు తిరగేసి చూడాలి, అంతే. షాంఘై ఆయన కేసులో ఆ పరీక్ష 2013లో జరిగుంటే నాలుగేళ్ళు మిగిలేవి.

---

గోదారిగట్టు | ఆదివారం రాత్రి 9:48

పొద్దుట్నుంచి అన్నీ చదివాను. ఒకటి గుచ్చుకుంది. షాంఘై ఆయన్ని చేర్పించింది తండ్రి. ఇరికించింది తండ్రి పోయాక వచ్చిన సంతకం.

నాకు అరవై రెండు. మా ఆయనకు అరవై ఎనిమిది, గుండెకు స్టెంటు వేశారు. పిల్లలు ఇద్దరూ దూరంగా ఉన్నారు. వాళ్ళకు బాబాయి అంటే ప్రేమే, కానీ పండక్కి వచ్చి వెళ్ళేంత. నా తర్వాత మా మరిది తరఫున సంతకం ఎవరిది? అక్కడి సంగతి సరే, ఇక్కడ ఎలా?

---

లాపాయింట్ | ఆదివారం రాత్రి 10:15

ఇక్కడ మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో దారి ఉందమ్మా. మీ మరిది గారు బాగున్నప్పుడు తన ప్రతినిధి ఎవరో తానే రాసి పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ మనిషి మేజర్ అయ్యుండాలి, ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. రక్తసంబంధం అక్కర్లేదు. కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు కూడా.

---

గోదారిగట్టు | ఆదివారం రాత్రి 10:31

తానే రాయాలా, నేను రాసి సంతకం పెట్టించకూడదా?

---

లాపాయింట్ | ఆదివారం రాత్రి 10:33

పేరు ఆయన చెప్పాలి. మీరు చెప్పకూడదు.

---

గోదారిగట్టు | ఆదివారం రాత్రి 10:47

సరే. రేపు సాయంత్రం ఇస్త్రీ పని అయ్యాక అడుగుతాను. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటిది ఒక్కటీ అడగలేదు. ఎవరి పేరు చెబుతాడో చూడాలి.