పనివాళ్లు దొరకట్లేదు: తప్పు సెస్సుదా, మనదా?

మధురవాడ బిల్డర్:
సంక్రాంతికి ఊళ్లకెళ్లిన ఒడిశా కుర్రాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. సెంట్రింగ్ అయిపోయింది, రాడ్ బెండింగ్ మనుషుల్లేక స్లాబు ఆగింది. రెరాకి (ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) ఇచ్చిన గడువు మాత్రం ఆగదు. పైగా నిర్మాణ ఖర్చులో 1 శాతం లేబర్ సెస్సు (భవన కార్మికుల సంక్షేమానికి), జీవీఎంసీలో (విశాఖ కార్పొరేషన్) ప్లాను పెట్టినప్పుడే కట్టాలి. ఆ డబ్బుతో మాకు ఒక్క మేస్త్రీని తయారు చేసిచ్చారా? సెస్సు, తనిఖీలు తగ్గించమని అడిగితే తప్పేంటి?

ఫ్లాటు కొన్నవాణ్ణి:
ఆ 1 శాతం కూడా చివరికి మా చదరపు అడుగు రేటులోనే కలిపేస్తారుగా సార్!

లేబర్ చట్టాలు చూసేవాణ్ణి:
సెస్సు 1 నుంచి 2 శాతం మధ్య ఉండాలని చట్టమే చెబుతోంది. మీరు కడుతున్నదే కనిష్ఠం, ఇంకేం తగ్గిస్తారు? 2025 నవంబర్ 21న కొత్త కార్మిక చట్టాలు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. సెస్సు లెక్క మీరే వేసుకోవచ్చు. సొంతిల్లు 50 లక్షల లోపైతే సెస్సే లేదు. వలస కార్మికుల నిబంధనలు ఇదివరకు ఐదుగురుంటే వర్తించేవి, ఇప్పుడు పదిమంది ఉండాలి. సడలింపులు మీ వైపే ఎక్కువ వచ్చాయి.
సెస్సు డబ్బు కార్మికుల కోసం సరిగా ఖర్చు కావడం లేదన్నది మాత్రం నిజం. 2018లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను గట్టిగా మందలించింది.

గాజువాక సెంట్రింగ్ మేస్త్రీ:
ఆ సెస్సు డబ్బులోంచి సాయం అందాలంటే కార్మికుడికి సంక్షేమ బోర్డు కార్డు ఉండాలి. ఆ కార్డు రావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు కాగితం కావాలి. మా కుర్రాడు ఓ నెల కొమ్మాదిలో, ఓ నెల ఎండాడలో. బిల్డర్‌ని అడిగితే మేస్త్రీని అడగమంటాడు. నా దగ్గరేముంది, జేబులో చిన్న పుస్తకం, అందులో పేరు, అడ్వాన్సు. ఆఫీసులో అది చెల్లదట. కార్డు లేకపోతే కాలు విరిగినా సాయం లేదు. అలాంటి చోటికి మళ్లీ ఎందుకొస్తాడు బాబూ?

మధురవాడ బిల్డర్:
హాజరు పుస్తకం నా సైటులో ఉంది, సంతకం పెట్టడానికి ఓ నిమిషం పని. కానీ పెడితే రేపు పీఎఫ్, ఈఎస్ఐ బాకీలంటూ నా మెడకే చుట్టుకుంటుందని టెన్షన్. అందుకే ఎవరం పెట్టం.

లేబర్ చట్టాలు చూసేవాణ్ణి:
ఇదే మాట మీ బిల్డర్ల సంఘం ప్రభుత్వానికిచ్చే వినతిపత్రంలో రాయండి సార్. కార్డు కోసం పెట్టిన సంతకాన్ని పాత బాకీలకు సాక్ష్యంగా వాడకూడదని అడగండి. సెస్సు తగ్గింపు కంటే ఇది న్యాయమైన కోరిక.

గాజువాక సెంట్రింగ్ మేస్త్రీ:
రాసేలోపు మా వాళ్లకి ఆ సంతకాలేవో పెట్టించండి బాబూ. స్లాబుకి మనుషుల్ని నేను తెస్తాను.