పగటి డ్రాక్యులా, రాత్రి డ్రాక్యులా: ఏది మేలు?

సెకండ్‌షో_సుబ్బు:
డ్రాక్యులా సినిమా చూడనివాళ్ళు కూడా రక్తపిశాచి డ్రాక్యులాగా వేసిన బేలా లుగోసీ ఫొటో చూపిస్తే గుర్తుపడతారు. 1931లో యూనివర్సల్ స్టూడియో వదిలింది, టాడ్ బ్రౌనింగ్ డైరెక్టర్. అదే స్టూడియో, అవే సెట్లు, అదే కథతో స్పానిష్‌లో ఇంకో డ్రాక్యులా కూడా తీసిందని చాలామందికి తెలియదు. 1930 చివర్లో పగలంతా బ్రౌనింగ్ మనుషులు షూటింగ్ చేసుకుని సాయంత్రం ఇంటికెళ్తే, అప్పుడు జార్జ్ మెల్ఫర్డ్ అనే డైరెక్టర్ స్పానిష్ నటులతో దిగి తెల్లారేదాకా తీసేవాడు. పగటి సినిమాకి మూడున్నర లక్షల డాలర్ల దాకా అయితే రాత్రిదానికి 70 వేలు కూడా కాలేదు. ఇంకో తమాషా, మెల్ఫర్డ్‌కి స్పానిష్ రాదు, పక్కన దుబాసీని పెట్టుకుని తీశాడు.

నిన్న రాత్రి రెండూ వరసగా చూశాను. నా మాట సూటిగా చెప్తున్నా, రాత్రిదే మంచి సినిమా. కోటలో మెట్ల దగ్గర సీను ఒక్కటి చాలు. ఇంగ్లిష్‌లో లుగోసీ మెట్లు దిగి వస్తాడు, మనం నాటకం చూస్తున్నట్టు దూరంగా కూర్చుని చూస్తాం. స్పానిష్‌లో కెమెరానే మెట్ల మీదుగా పైకి పాకుతూ వెళ్ళి, కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ డ్రాక్యులా ముందు ఆగుతుంది. శవపేటిక సీనూ అంతే. ఇంగ్లిష్‌లో మూత కొంచెం లేస్తుంది, చెయ్యి కనిపిస్తుంది, కెమెరా మర్యాదగా పక్కకి తిరుగుతుంది, మళ్ళీ చూసేసరికి ఆయన లేచి నిలబడి ఉంటాడు. స్పానిష్‌లో మూత వెనక పొగలోంచి మనిషి లేవడం కళ్ళారా చూపిస్తారు. మీరేమంటారు?

పాతరీళ్ళ_పంతులు:
సుబ్బూ, పెళ్ళిపందిరి ఎంత బాగా వేస్తే ఏం లాభం, పెళ్ళికొడుకు సరిగ్గా లేకపోతే? స్పానిష్ డ్రాక్యులాగా వేసిన కార్లోస్ విలారియాస్ కళ్ళు పెద్దవి చేసి పళ్ళు బయటపెట్టినప్పుడల్లా నాకు పంటినొప్పితో మా ఇంటికొచ్చిన పెదనాన్న గుర్తొస్తాడు. భయం వెయ్యదు, లవంగం ఇవ్వాలనిపిస్తుంది. పైగా లుగోసీ ఎలా చేస్తున్నాడో అలాగే చెయ్యమని ఆయనకి పగటి షూటింగ్ రషెస్, అంటే ఎడిట్ చెయ్యని ముక్కలు, చూపించారట. చూసి చేసినా రాలేదంటే ఇక ఏం చెప్పాలి. లుగోసీ 1927 నుంచి బ్రాడ్‌వే స్టేజి మీద ఆ పాత్ర వేసి వేసి వచ్చినవాడు. ఊరికే నిలబడి చూసినా చాలు. అలాంటివాడికి స్టూడియో ఇచ్చింది వారానికి 500 డాలర్లు, ఏడు వారాలకి కలిపి 3,500. హీరోగా వేసిన డేవిడ్ మానర్స్‌కి అంతకంటే ఎక్కువ ఇచ్చారు. ఆ అన్యాయం గురించి మాట్లాడరేం ఎవరూ?

కృష్ణవేణి_ఎమ్:
పంతులుగారూ, నటన సంగతి ఒప్పుకుంటాను కానీ కథ సంగతేంటి? ఇంగ్లిష్ సినిమాలో హీరోయిన్ స్నేహితురాలు లూసీ డ్రాక్యులా కాటుకి చచ్చిపోయి, తెల్లబట్టల్లో రాత్రిళ్ళు పిల్లల వెంటపడుతోందని చెప్తారు, అంతే, ఇక ఆ పిల్ల ఊసు ఎత్తరు. మొదటిసారి చూసినప్పుడు నేనేదో సీను మిస్సయ్యాననుకుని వెనక్కి తిప్పి చూశాను. స్పానిష్‌లో పిశాచాల్ని వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్, హీరో ఇద్దరూ ఆమె పని ముగించుకుని సమాధిలోంచి బయటికి రావడం ఉంటుంది, మనకి మనశ్శాంతి. అలాగే డ్రాక్యులాకి బానిసై పిచ్చెక్కి ఈగలు తినే రెన్‌ఫీల్డ్, మూర్ఛపోయిన పనిమనిషి వైపు పాక్కుంటూ వెళ్ళే సీను. ఇంగ్లిష్‌లో అక్కడే ఆపేస్తారు, ఆ అమ్మాయిని ఏం చేశాడో తెలియదు. స్పానిష్‌లో ఇంకో రెండు క్షణాలు ఆగారు, అతను వెళ్ళింది ఆమె మీద వాలిన ఈగ కోసం. నవ్వొస్తుంది, వెంటనే అసహ్యం వేస్తుంది. పాబ్లో ఆల్వారెజ్ రూబియో అనే ఆ నటుడు పిచ్చి నవ్వు నవ్వుతుంటే నేను సౌండ్ తగ్గించుకున్నాను, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అని.

పాతరీళ్ళ_పంతులు:
అమ్మా, స్పానిష్‌ది 104 నిమిషాలు, ఇంగ్లిష్‌ది 75. అరగంట ఎక్కువ తీసుకుంటే అన్ని ముళ్ళూ విప్పొచ్చు. నేను స్పానిష్‌దాని మధ్యలో లేచి కాఫీ పెట్టుకొచ్చినా వాన్ హెల్సింగ్ అదే గదిలో అదే మాట్లాడుతున్నాడు.

డబ్బింగ్_డైరీ:
నేను హైదరాబాద్‌లో డబ్బింగ్ చెప్తాను కాబట్టి నా గోల ఇది. అసలు రెండుసార్లు ఎందుకు తీశారు? టాకీలు కొత్తగా వచ్చాయి, డబ్బింగ్ అప్పటికి సరిగ్గా కుదరడం లేదు, మూకీల రోజుల్లో తెర మీద మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులు మార్చి లోకమంతా అమ్ముకున్న స్టూడియోలు ఒక్కసారిగా ఇంగ్లిష్ రాని దేశాలన్నీ పోగొట్టుకునే పరిస్థితి. అందుకే అవే సెట్లలో ఇంకో భాషలో మళ్ళీ తీయడం. హాస్యజంట లారెల్, హార్డీ అయితే స్పానిష్ రాకపోయినా కెమెరా పక్కన నల్లబల్ల మీద డైలాగులు రాయించుకుని చూసి చెప్పేవాళ్ళు. మనకిది కొత్తేం కాదు. 1955లో మిస్సమ్మని విజయావాళ్ళు తెలుగులో, తమిళంలో ఒకేసారి తీయలేదూ? కాకపోతే అక్కడ రెండింటికీ ఎల్.వి. ప్రసాదే డైరెక్టర్, రెండింట్లోనూ సావిత్రే. ఇక్కడ పగటి గుంపు వేరు, రాత్రి గుంపు వేరు, అందుకే పోటీలా కనిపిస్తోంది.

రాత్రిదానిలో నన్ను ఇబ్బంది పెట్టింది యాస. హీరోయిన్ లుపీతా తోవార్ మెక్సికో, విలారియాస్ స్పెయిన్, హీరో బ్యారీ నార్టన్ అర్జెంటీనా. మన సినిమాలో ఒకే ఇంట్లో తండ్రి నెల్లూరు యాస, కూతురు కరీంనగర్ యాస, అల్లుడు శ్రీకాకుళం యాస మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూసే మనకి అది వినపడదు, అందుకే మనం వాళ్ళ నటనకి అంత సులువుగా మార్కులు వేసేస్తున్నాం.

సెకండ్‌షో_సుబ్బు:
ఇది నాకు తట్టలేదు బ్రో, ఒప్పుకుంటున్నా. కానీ కెమెరాకి యాస ఉండదు కదా.

రీల్_నంబర్_3:
అందరూ ఒక విషయం వదిలేస్తున్నారు. మీరు పోలుస్తున్నవి రెండూ ఒకే స్థితిలో ఉన్న ప్రింట్లు కావు. ఇంగ్లిష్ సినిమాని 1936లో మళ్ళీ రిలీజ్ చేసినప్పుడు సెన్సార్ నియమాల కోసం కోశారు. డ్రాక్యులా చచ్చేటప్పటి మూలుగు, రెన్‌ఫీల్డ్ కేక తీసేశారు, చివర్లో వాన్ హెల్సింగ్ నటుడు తెరముందుకొచ్చి ‘ఇలాంటివి నిజంగానే ఉన్నాయి’ అని జనాన్ని బెదిరించే ముక్క కూడా పోయింది. మూలుగులు తర్వాత తిరిగి చేర్చారు గానీ ఆ చివరి ముక్క మాత్రం ఇప్పటికీ సినిమాలో లేదు. స్పానిష్‌దాని కథ ఇంకోటి. అది దశాబ్దాలపాటు ఎవరికీ పట్టలేదు, అమెరికాలో మిగిలినదాంట్లో ఒక రీలు చెడిపోయింది, ఆ భాగం చివరికి క్యూబాలో హవానా ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికింది. 1990ల మొదట్లో పూర్తి సినిమా వీడియోగా వచ్చింది. ‘రాత్రిదే గొప్ప’ అన్న మాట ఊపందుకున్నదీ అప్పుడే. మరుగున పడ్డది దొరికితే మనకి ముద్దు ఎక్కువ, అంతే. నేనూ ఆ ముద్దులో పడ్డవాణ్ణే.

ఇంకొకటి. బ్రౌనింగ్‌ని తిట్టేముందు ఆయన పరిస్థితి చూడండి. మూకీల స్టార్ లాన్ చానీతో వరసగా సినిమాలు తీసినవాడు, ఈ షూటింగ్ మొదలవడానికి నెల ముందు, 1930 ఆగస్టులో చానీ చచ్చిపోయాడు. సెట్లో బ్రౌనింగ్ ఎక్కడో పక్కన ఉండేవాడని, తనని డైరెక్ట్ చేసింది ఎక్కువగా కెమెరామన్ కార్ల్ ఫ్రాయింట్ అని డేవిడ్ మానర్సే తర్వాత చెప్పుకున్నాడు. నేలమాళిగలో కెమెరా మెల్లగా జారుకుంటూ లుగోసీ మీదికి వెళ్ళే షాట్ చూశారా సుబ్బుగారూ? అది పగటి సినిమాలోదే. ఫ్రాయింట్ ఆ తర్వాత 1932లో ది మమ్మీ డైరెక్ట్ చేశాడు.

కృష్ణవేణి_ఎమ్:
సరే, ఇది కూడా చెప్పండి మరి. అద్దం సీనులో ఎవరు నయం? సిగరెట్ పెట్టె మూతలోని అద్దంలో తన ప్రతిబింబం లేదని తెలిసిపోగానే లుగోసీ దాన్ని చేత్తో కొట్టి పడేస్తాడు. విలారియాస్ చేతికర్రతో ఫట్‌మని పగలగొడతాడు. నా ఓటు కర్రకే.

పాతరీళ్ళ_పంతులు:
కొట్టాక ఏం చేస్తాడో చూడమ్మా. లుగోసీ ఒక్క క్షణంలో తమాయించుకుని పెద్దమనిషిలా క్షమాపణ చెప్తాడు. నాకు ఆ క్షమాపణే భయం.

సెకండ్‌షో_సుబ్బు:
పంతులుగారూ, మీ పగటి సినిమాలో పడగ్గది ల్యాంపుకి ఒక పెద్ద అట్టముక్క ఆనించి ఉంటుంది. క్లోజప్‌లో వెలుతురు తగ్గించడానికి పెట్టి తీయడం మర్చిపోయారంటారు. డ్రాక్యులా ఉన్న ఊళ్ళో అట్టముక్క! ఇంత అజాగ్రత్తగా తీసినదాన్ని ఎలా సమర్థిస్తారు?

పాతరీళ్ళ_పంతులు:
ఆ సినిమా నేను ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో చూశాను నాయనా. నువ్వు చెప్పేదాకా అట్టముక్క కనపడలేదు. నేను లుగోసీని చూస్తున్నాను.