ఒక్క పాపతో ఆపేయాలా? మీరు ఎలా తేల్చుకున్నారు?

పర్లాకిమిడి అమ్మ:
మాకు ఆరేళ్ల పాప. నాకు 33. మావారు ఒక్కరు చాలంటారు. రాత్రి భోజనాలయ్యాక బడి ఫీజు, ఇంటద్దె, ట్యూషను కాగితం మీద రాసి, కింద గీత గీసి నా ముందు పెడతారు. లెక్క తప్పని నేనూ అనను. పాతపట్నం నుంచి అత్తగారు వచ్చినప్పుడల్లా "దీనికో తోడు" అంటారు. వంశం మాట ఎత్తరు, అది ఆవిడ మంచితనం.

మొన్న పాప అరుగు మీద ఒక్కతే బడి ఆట ఆడుతోంది. టీచరై ఒడియాలో అడుగుతుంది, పిల్లై తెలుగులో జవాబు చెబుతుంది, మళ్లీ టీచరై కోప్పడుతుంది. నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్లాక ఏడుపొచ్చింది. అయితే సిజేరియన్ తర్వాత మూడు నెలలు నేను మనిషిని కాను. మావారి కాగితంలో దానికి వరుసే లేదు.

కాశీనగర్ రైతు:
చెల్లెమ్మా, మేము తేల్చుకున్నదేమీ లేదు, పుట్టారు. ముగ్గురు. 2022లో వార్డుకు నిలబడదామనుకున్నాను. ఇద్దరికి మించి పిల్లలుంటే ఒడిశా పంచాయతీల్లో పోటీకి వీల్లేదన్నారు. తమ్ముడిది ఆంధ్ర వైపు ఊరు, వాడికీ ముగ్గురే. అక్కడ ఆ నిబంధన 2024లో ఎత్తేశారు. పండక్కి వచ్చి నన్ను ఏడిపిస్తుంటాడు. నా పదవి పోగొట్టిన మూడోది ఇప్పుడు భుజమెక్కి ఈ ఫోను లాక్కుంటోంది.

గుణుపురం నర్సు:
మళ్లీ కనాలనుకుంటే ముందు ఆ సిజేరియన్ కాగితాలు డాక్టరుకు చూపించండి. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం 2 ఏళ్లు ఆగమంటాం, మీకు ఆ బెంగ లేదు. ఎటూ తేలకపోతే కాపర్-టీ వేయించుకుని నిదానంగా ఆలోచించండి, వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు. ఒక్కరితో ఆపేస్తే మాత్రం, ఆపరేషన్ మీరే ఎందుకు చేయించుకోవాలి? మగవాళ్లకు కోత లేని వేసెక్టమీ ఉంది. 3 నెలల తర్వాత పరీక్షలో వీర్యకణాలు లేవని తేలేదాకా జాగ్రత్తపడితే చాలు. లెక్కలు వేసే మగవాళ్లు ఆ మాట వినగానే లేచి వెళ్లిపోవడం నేను రోజూ చూసేదే.

జయపురం:
నేను ఒక్కతే కూతురిని. చిన్నప్పుడు తోడు లేదని ఏడ్చిన గుర్తు లేదు. నాన్నకు పక్షవాతం వచ్చి విశాఖ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రాత్రి, ఎవరికి ఫోను చేయాలో తెలియక ఏడ్చాను. మా పక్కింట్లో ముగ్గురు అన్నదమ్ములున్నారు, గోడ తగాదాతో మాటలే లేవు.

పర్లాకిమిడి అమ్మ:
నర్సుగారూ, ఆ మాట ఇప్పుడే చెప్పాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పాలు తెస్తానని వెళ్లారు. ఇంట్లో రెండు ప్యాకెట్లు ఉన్నాయి.