ఒక్కడినే పోతున్నా, సామాన్లు వెనక ఎక్కడ కట్టాలి?

ఒంటరి_చక్రం, హన్మకొండ:
నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండి. దసరా అయ్యాక నాలుగు రోజులు ఒక్కడినే తిరిగొద్దామని ఉంది. పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం, అక్కడి నుంచి మంచిర్యాల, జన్నారం, ఉట్నూరు, కుంటాల జలపాతం, నిర్మల్, బాసర, చివరికి కరీంనగర్ మీదుగా ఇంటికి.

ముందు ఒకసారి చూసుకుందామని పోయిన నెల లక్నవరం వెళ్లొచ్చాను. టెయిల్ బ్యాగ్‌ను వెనక క్యారియర్ మీద పెట్టి బంగీ తాళ్లతో కట్టాను. ములుగు దాకా ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఖాళీ రోడ్డు దొరికి 80 దాటగానే హ్యాండిల్ తేలిపోయినట్టయింది, బండి మెల్లగా అటూ ఇటూ ఊగింది. 70కి తగ్గిస్తే మళ్లీ మామూలే. బ్యాగు మహా అయితే తొమ్మిది కిలోలు ఉంటుంది.

టాప్ బాక్స్ (క్యారియర్ మీద బిగించే తాళం పెట్టె) వేయించమని ఒకరు, సాడిల్ బ్యాగులు (సీటుకు రెండు పక్కలా వేలాడేవి) కొనమని ఇంకొకరు అంటున్నారు. ఒంటరిగా తిరిగేవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి.

కాజీపేట_లోకో:
తమ్మీ, క్యారియర్ మీద పెట్టడమే తప్పు. అది వెనక చక్రం ఇరుసు కంటే వెనక్కి ఉంటుంది. అక్కడ బరువు పడితే వెనక దిగుతుంది, ముందు లేస్తుంది. లెక్క కావాలంటే చూడు. ఈ బండికి రెండు ఇరుసుల మధ్య దూరం 1465 మిల్లీమీటర్లు. 12 కిలోల బ్యాగు ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక ఉందనుకో, ముందు చక్రం మీద దాదాపు రెండున్నర కిలోలు తగ్గుతాయి. అదే బ్యాగు ఇరుసుకు 20 సెంటీమీటర్లు ముందు ఉంటే, తగ్గడం కాదు, కిలోన్నర పైన పెరుగుతుంది. ఒక్కడివే పోతున్నప్పుడు ఆ వెనక సీటు ఎవరి కోసం ఖాళీగా పెట్టినవ్?

మంచిర్యాల_మీటియర్:
నేను మూడేళ్లుగా టాప్ బాక్స్ వాడుతున్నాను, నాకేం ఊగలేదు. హెల్మెట్, రెయిన్ కోటు, ల్యాప్‌టాప్ పెట్టి తాళం వేసి ఆఫీసులోకి పోతాను. బ్యాగుకు ఆ సుఖం ఎక్కడిది? బాక్స్ లోపల ఎన్ని కిలోలు పెట్టొచ్చో స్టిక్కర్ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా బియ్యం బస్తా పట్టేంత ఖాళీ ఉంది కదా అని నింపుతారు. దుప్పటి, జాకెట్ లాంటి తేలిక సామాను పెడితే ఏ గొడవా లేదు.

ఓరుగల్లు_పానా:
లోకో అన్న లెక్క కరెక్టే. కానీ 199 కిలోల బండి, పైన మనిషి. రెండున్నర కిలోలు తగ్గినంత మాత్రాన ఊగదు తమ్మీ. నా షెడ్డుకు ఇలాంటి కంప్లయింట్‌తో వచ్చిన బండ్లలో ఎక్కువసార్లు తేలింది ఒకటే, బ్యాగు వదులు.

మెయిన్ స్టాండ్ వేసి, బ్యాగును రెండు చేతులా పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపు. బండి మొత్తం కదిలితే కట్టు మంచిది. బ్యాగు ఒక్కటే కదిలితే రోడ్డు మీద అది తన లెక్కన తాను ఊగుతుంది, బండిని కూడా లాగుతుంది. తర్వాత బ్యాగు తీసేసి క్యారియర్‌ను కూడా అట్లనే ఊపి చూడు. బోల్టు ఒక్క చుట్టు వదులైనా చేతికి తెలుస్తుంది.

బంగీ తాడు సాగుతుంది, అదే దాని గుణం. గతుకు పడినప్పుడల్లా బరువు లేచి పడుతుంది. పైన రెయిన్ కోటును నొక్కి పెట్టడానికి వాడుకో, బరువు కట్టడానికి మాత్రం సాగని పట్టీ, బకిల్ ఉన్నది తీసుకో. బంగీ కొక్కెం జారిందంటే సూటిగా మొహం మీదికే వస్తుంది, కట్టేటప్పుడు వంగి చూడకు.

టైర్ గాలి ఎంత ఉందో రాయలేదు నువ్వు. సామానుతో పోయేటప్పుడు ఇద్దరు కూర్చుంటే ఎంత పెట్టాలని బుక్కులో ఉందో అంత పెట్టించు.

పాకాల_గాలి:
నేను ఎక్స్‌పల్స్ మీద ఒక్కదాన్నే తిరుగుతాను. ఎవరూ చెప్పని కష్టం ఒకటుంది, బండి ఎక్కడం. సీటు మీద బ్యాగు నిలువుగా కడితే కాలు దాని మీదుగా తిప్పలేం. మొదటిసారి నర్సంపేటలో టీ తాగి బండి ఎక్కబోతే బూటు బ్యాగుకు తగిలి, బండితో సహా పక్కకు పడ్డాను. అందరూ చూశారు, ఇద్దరు వచ్చి లేపారు. అప్పటి నుంచి బ్యాగును అడ్డంగా పడుకోబెట్టి కడుతున్నాను. కాలు వెనక నుంచి కాకుండా, మోకాలు మడిచి సీటుకు ట్యాంకుకు మధ్య నుంచి దాటిస్తాను.

అడ్డంగా కట్టినా బ్యాగును మరీ నడుముకు ఆనేలా ముందుకు జరపకండి. గుంతల దగ్గర నిలబడి నడపాలంటే కాస్త వెనక్కి జరగడానికి చోటు కావాలి. జానెడు వదిలితే చాలు.

సాడిల్ బ్యాగులు కూడా వాడాను. కుడి పక్క బ్యాగు సైలెన్సర్ మీదికి వాలి అడుగు కరిగిపోయింది. ప్లాస్టిక్ వాసన వస్తే ఎవరో చెత్త కాలుస్తున్నారనుకుని ఐదారు కిలోమీటర్లు పోయాను! 411కి కూడా సైలెన్సర్ కుడివైపు పైకి లేచి ఉంటుంది కదా. సాడిల్ స్టే, అంటే బ్యాగు సైలెన్సర్ మీదికి, చక్రం మీదికి వాలకుండా ఆపే పక్క కమ్మీ, లేకుండా సాడిల్ బ్యాగులు వేయొద్దు అన్నా.

ములుగు_మాస్టారు:
రోజూ పొద్దున మా ఊరి పాలాయన బండిని చూస్తాను. క్యాన్లు రెండు పక్కలా, చక్రం మధ్యలోకి వేలాడుతుంటాయి. పైన ఏమీ ఉండదు. ఆయన ఏ వీడియో చూసి నేర్చుకోలేదు. ఎడమ క్యాన్ ఖాళీ అయితే కుడి దాంట్లోంచి సగం వంపి సమం చేసుకుంటాడు. సాడిల్ బ్యాగులు కొనేవాళ్లు ఆ ఒక్కటి చూసి నేర్చుకుంటే చాలు.

ఇక కోతులు. రామప్ప దగ్గర బండి ఆపి పది నిమిషాల్లో వచ్చేసరికి బ్యాగు జిప్పు తెరిచి బిస్కెట్ ప్యాకెట్ ఎత్తుకెళ్లింది, పోతూ పోతూ నా కళ్లజోడు పెట్టె కూడా. తాడ్వాయి అడవి దారిలోనూ అంతే. తినేవి పై జేబుల్లో పెట్టకండి.

ఒంటరి_చక్రం:
ఇప్పుడే మా వీధి కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి తూచాను. 14 కిలోల 200 గ్రాములు! తొమ్మిది అనుకున్నాను. కొట్టాయన బియ్యమా అని అడిగాడు.

విప్పి చూస్తే బట్టలు నాలుగు కిలోలు కూడా లేవు. నీళ్ల సీసా, ఫుట్ పంపు, రెండు స్పేర్ ట్యూబులు, పానాల సంచి, ఇవన్నీ చేతికి అందుబాటులో ఉంటాయని చిట్టచివరి జేబులో వేశాను. అంటే బరువైనవన్నీ పోయి అందరికంటే వెనక కూర్చున్నాయి. పానా అన్న చెప్పినట్టు క్యారియర్ ఊపి చూశాను. ఎడమ బోల్టు వేలితో తిరుగుతోంది. వెనక టైరులో గాలి 26. ఇక ఎవరిని తిట్టాలో తెలియట్లేదు.

ఓరుగల్లు_పానా:
26 పెట్టుకుని 80లో పోయినవా! బండి నిన్ను ఇంటికి తెచ్చింది, దానికి దండం పెట్టుకో.

నీ 411కి ట్యాంకు రెండు పక్కలా ఇనుప కమ్మీల ఫ్రేము ఉంటుంది. నీళ్లు ఒక పక్క, పానాలు, ట్యూబులు ఇంకో పక్క చిన్న సంచుల్లో కట్టు. హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిప్పి చూసుకో, ఎక్కడా తగలొద్దు. సామాను కట్టాక నువ్వు ఎక్కి కూర్చుని, వెనక బాగా దిగితే షాక్ ప్రీలోడ్, అంటే వెనక షాక్ స్ప్రింగు బిగింపు, పెంచాలి. రాత్రి ఎదురొచ్చే లారీలు ఊరికే డిప్పర్ కొడుతున్నాయంటే నీ లైటు పైకి లేచిందని అర్థం. చైను లూజు కూడా బరువు ఎక్కాక ఇంకోసారి చూసుకో, ఖాళీ బండికి సరిపోయింది అప్పుడు బిగుసుకోవచ్చు.

దారిలో క్యారియర్ విరిగితే ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ చేస్తారు. అయితే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు పీకించు. ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా) కాలితే వెల్డింగ్ ఖర్చు గుర్తు కూడా ఉండదు.

కాజీపేట_లోకో:
పట్టీ కొసలు వేలాడనీయకు. ఏటూరునాగారం దారిలో నా పట్టీ కొస ఒకటి ఊడి చైనులో పడింది. నా అదృష్టం, అప్పుడే స్పీడ్ బ్రేకర్ దగ్గర మెల్లగా ఉన్నాను. బ్లేడుతో కోసి తీయడానికి గంట పట్టింది. ఇప్పుడు పాత సైకిల్ ట్యూబును రింగులుగా కోసి, కొసలు మడిచి అందులో దోపుతున్నాను. రూపాయి ఖర్చు లేదు. టెయిల్ లైటు, నంబర్ ప్లేటు కనబడుతున్నాయా లేదా అన్నది కూడా కట్టాక వెనక్కి పోయి చూడు.

నిర్మల్_బొమ్మ:
కుంటాల దగ్గర కిందికి చాలా మెట్లు దిగాలి. ఒక్కడివే అయితే బండి దగ్గర ఎవరుంటారు? అన్నీ మోసుకుని దిగలేవు. డబ్బు, ఫోను, కాగితాలు చిన్న సంచిలో వేసి భుజానికి తగిలించుకో, మిగతాది పోయినా బతకగలం అన్నట్టు ఉండాలి. బండిని చెట్టు చాటున కాకుండా దుకాణాల ఎదుట పెట్టి, ఒక టీ తాగి, అన్నా కాస్త చూస్తుండు అంటే చూస్తారు. ఈ విషయంలో మంచిర్యాల అన్న టాప్ బాక్స్‌కే నా ఓటు.

ఒంటరి_చక్రం:
నిన్న రాత్రి ఇల్లు చేరాను. పోయేముందు బ్యాగును 8 కిలోలకు దించి, వెనక సీటు మీద అడ్డంగా, సాగని పట్టీలు రెండు వేసి కట్టాను. నీళ్లు, పానాలు ముందు కమ్మీలకు. వెనక క్యారియర్ మీద చాప, రెయిన్ కోటు మాత్రమే. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా హ్యాండిల్ ఊగలేదు. బోల్టు వల్లా, గాలి వల్లా, బ్యాగు జరపడం వల్లా అంటే చెప్పలేను, అన్నీ ఒకేసారి మార్చాను కాబట్టి.

ఉట్నూరు దాటాక వాన. బ్యాగు రెయిన్ కవర్ గాలికి ఉబ్బి ఎగిరిపోయింది, వెనక్కి పోయి వెతికినా దొరకలేదు. లోపల బట్టల్ని యూరియా బస్తాలోని ప్లాస్టిక్ సంచిని కడిగి ఆరబెట్టి అందులో చుట్టాను, చుక్క తడవలేదు. కుంటాల దగ్గర టీ కొట్టు అన్న బండి చూశాడు, టీ డబ్బులే తీసుకున్నాడు. కాలు ట్యాంకు మీదుగా దాటించడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు అక్కా, బాసరలో ప్యాంటు కుట్టు పోయింది.

పాత బంగీ తాళ్లతో అమ్మ డాబా మీద దండెం కట్టింది. తడి బట్టలు వేస్తే నేలకు దిగుతున్నాయని పొద్దున్నుంచి తిడుతోంది.