ఊరి పక్కన బ్యాటరీ స్టోరేజీ, మంటలొస్తే ఏం చేయాలి?

నమస్తే అండీ. మాది నంద్యాల వైపు చిన్న ఊరు. సబ్‌స్టేషన్ పక్కన సోలార్ కరెంటు దాచడానికని తెల్లటి కంటైనర్లు దించుతున్నారు, మా కళ్లం గట్టు మీద నిలబడి లెక్కపెడితే నిన్నటికి 22. మొన్న మీటింగులో "మంటలొస్తే ఎలా సార్" అని అడిగితే కంపెనీ తరఫున వచ్చినాయన "అంతా ఆటోమేటిక్ అమ్మా" అనేసి టీ తాగి వెళ్లిపోయాడు.

నేను బ్యాటరీలు వద్దనడం లేదు. కానీ 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనాలో ఇలాంటి కంటైనర్‌లోనే, పైకి మంట కనబడకపోయినా, తలుపు తీశాక లోపల పేరుకున్న గ్యాస్ పేలి ఫైర్ సిబ్బంది తీవ్రంగా గాయపడ్డారు. 2025 జనవరిలో కాలిఫోర్నియాలో మాస్ లాండింగ్ అనే ఊరి దగ్గరి బ్యాటరీ స్టోరేజీలో మంటలొస్తే 1,000 మందికి పైగా ఇళ్లు ఖాళీ చేశారు, హైవే మూసేశారు. మా ఊరికేమో ఉన్నదే ఒక్క రోడ్డు, అదీ ఆ గేటు ముందు నుంచే.

ఇలాంటి సైట్లలో పనిచేసినవాళ్లు, ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఎమర్జెన్సీ ప్లాన్ కాపీ పంచాయతీ అడిగితే ఇస్తారా, ఎవరికి రాయాలి? బ్యాటరీలు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకమైతే మంటల భయం తక్కువంటున్నారు, అయినా గ్యాస్ వస్తుంది కదా? పొగ మా వైపు తిరిగితే తలుపులేసుకుని ఇంట్లోనే ఉండాలా, పరుగెత్తాలా? మా అత్తమ్మకు ఆయాసం, రెండు అడుగులేస్తే కూర్చుండిపోతుంది, అందుకే ఇంత టెన్షన్. ఆర్పిన నీళ్లు చెరువులోకి పోకుండా కట్ట వేయమని అడగొచ్చా?