షెల్టర్‌లో ఎవరూ అడగని నల్ల పిల్లి: తెచ్చుకోవచ్చా, ఏమేం చూసుకోవాలి?

పెరుగన్నం (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, మూడో అంతస్తులో ఫ్లాట్. నేను, మావారు, అత్తయ్యగారు, తొమ్మిదేళ్ల పాప. పిల్లికూనను తెచ్చుకుందామని దిక్కులేని జంతువుల షెల్టర్‌కి వెళ్లాం. కూనల దగ్గర ఒకటే జనం. మూలనున్న కేజ్‌లో మాత్రం ఓ నల్ల మగ పిల్లి ఉంది. ఐదారేళ్లుంటాయట. ఒక కన్ను లేదు, ఎడమ చెవి కొస తెగి ఉంది. మేమున్నంతసేపూ లిట్టర్ ట్రేలోనే (మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రే) గోడవైపు తిరిగి కూర్చుంది. పాప మాత్రం ‘ఇదే కావాలి’ అని భీష్మించుకుంది. కేజ్ కార్డు మీద ‘ఎఫ్‌ఐవీ పాజిటివ్’ అని రాసుంది.

ఆ జబ్బు మనుషులకు అంటుతుందా? ఇంత వయసొచ్చిన పిల్లి మచ్చికవుతుందా? వెంట్రుకలు లోపలికి పోతే పాపకు ఆయాసం వస్తుందని అత్తయ్యగారి భయం. అసలు నల్ల పిల్లి అనగానే ఆవిడ ససేమిరా అన్నారు. పైగా మాది శాకాహారం. పాలన్నం పెడితే సరిపోతుందా?

పశువైద్యుడు:
ముందు జబ్బు సంగతి. ఎఫ్‌ఐవీ అంటే పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్. అది మనుషులకు అంటదు, కుక్కలకూ అంటదు. హెచ్‌ఐవీకి దాయాది వైరస్సే, 1986లో కాలిఫోర్నియా పిల్లుల్లో బయటపడింది. కానీ పిల్లి జాతిని దాటి రాదు. పిల్లుల మధ్య కూడా ఎక్కువగా లోతైన కాటు వల్లే పాకుతుంది. అందుకే వీధిలో కొట్టుకుని తిరిగే మగ పిల్లుల్లో ఎక్కువ. మీ ఇంట్లో వేరే పిల్లి లేదు కాబట్టి ఆ చింతే అక్కర్లేదు. గడప దాటనివ్వకుండా పెంచితే ఇలాంటివి ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి చిగుళ్లు, పళ్లు గమనిస్తుండాలి. నోటి దుర్వాసన, చొంగ కనిపిస్తే నాన్చకండి. పచ్చిమాంసం అసలు వద్దు.

ఒక్క జాగ్రత్త. కార్డు మీదున్నది ఎఫ్‌ఐవీయేనా, ఎఫ్‌ఈఎల్‌వీయా (పిల్లుల ల్యుకేమియా వైరస్) అని రిపోర్టు అడిగి చూడండి. రెండో దానికి సంరక్షణ లెక్కలు వేరు.

చెవి కొస ఎవరో హింసించి కోసింది కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా మత్తులో ఉండగానే కత్తిరిస్తారు. అంటే మీకు ఆ ఖర్చు తప్పినట్టే.

ఆయాసం మాటకొస్తే, అసలు దోషం వెంట్రుకది కాదు, పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉండే ప్రొటీనుది. పడనివాళ్లకు తుమ్ములు, కళ్ల దురద, కొందరికి ఆయాసం కూడా వస్తాయి. తెచ్చేముందు పాపను వేర్వేరు రోజుల్లో దాని దగ్గర కాసేపు కూర్చోబెట్టి చూడండి. పాపకు ముందే ఉబ్బసం ఉంటే పిల్లల డాక్టర్ని అడగకుండా అడుగు వేయొద్దు.

తిండి విషయంలో నిక్కచ్చిగా చెప్తున్నా, పాలన్నం మీద పిల్లి బతకదు. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే అందాలి. అది లేకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి. మీరు ఇంట్లో మాంసం వండక్కర్లేదు. పెద్ద పిల్లుల ప్యాకెట్ ఫుడ్‌లో టారిన్ కలిపే ఉంటుంది. అది కూడా ఇంట్లోకి రానివ్వం అంటే మాత్రం పిల్లిని తీసుకోకండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు పెట్టొద్దు. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ వేశారో, ప్రాణం పోతుంది. కుక్కల పిడుదుల మందు కూడా పూయకూడదు.

గోడమీద పిల్లి (షెల్టర్ వాలంటీర్):
డాక్టరు గారు రోగం సంగతి చెప్పారు, నేను స్వభావం సంగతి చెప్తా. కేజ్‌లో చూసి పిల్లిని అంచనా వేయకండి. చుట్టూ కుక్కల అరుపులు, ఫినాయిల్ వాసన, పూటకో కొత్త మొహం. భయపడ్డ పిల్లి తన వాసనే ఉన్న చోటికి చేరుతుంది, అందుకే ట్రేలో కూర్చుంటుంది. చూసేవాళ్లు ‘ఛీ, మురికి పిల్లి’ అనుకుని పోతారు. పొద్దున్న జనం రాకముందు వెళ్లి, కేజ్ శుభ్రం చేసే మనిషిని అడగండి. ఆమె చేతికి తల రుద్దుతుందో లేదో ఆమెకే తెలుస్తుంది, కార్డు మీద అవన్నీ రాయరు. నా మటుకు కూనకంటే పెద్ద పిల్లే నయం. కూన పెద్దయ్యాక ఎలా తేలుతుందో చెప్పలేం, దీని గుణం ఇప్పటికే తేలిపోయింది.

తెచ్చాక ఇల్లంతా వదలొద్దు. ఒక గది ఇవ్వండి. లోపల ఒక మూల లిట్టర్, దానికి దూరంగా తిండి, నీళ్లు, రెండు వైపులా కన్నాలు చేసిన అట్టపెట్టె. ఒకే కన్నముంటే ఇరుక్కుపోయానని బెదురుతుంది. దాక్కుంటే లాగొద్దు. పాపను నేలమీద కూర్చుని ఏదైనా పుస్తకం పైకి చదవమనండి. పిల్లి చూసినప్పుడు కళ్లార్పకుండా చూడకూడదు, నెమ్మదిగా కళ్లు మూసి తెరవాలి. అదీ అలాగే చేసిందంటే కాస్త కుదుటపడినట్టే. కన్ను లేని వైపు నుంచి చటాల్న ముట్టుకోవద్దు, ముందు మాట వినిపించాలి. షెల్టర్లవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తారు. బెదురు తగ్గడానికి, అలవాటు పడటానికి, ఇల్లు తనదనుకోవడానికి. పట్టుకుని కొలవాల్సిన లెక్కేం కాదు గానీ, మొదటి వారంలోనే ‘ఇది మాకు కుదరదండీ’ అని వెనక్కి తెచ్చేవాళ్లను ఆపడానికి పనికొస్తుంది.

ఇంకోటి, మూడో అంతస్తు అన్నారు. బాల్కనీకి, కిటికీలకు వల పడకుండా పిల్లిని తేకండి. పావురాల నైలాన్ వలను కొన్ని కొరికేస్తాయి, ఇనుప జాలీ నయం. దోమల జాలీని నమ్ముకోవద్దు, గోళ్లతో చీల్చేస్తుంది.

తూర్పుగోదావరి కోడలు:
అత్తయ్యగారికి షష్ఠీదేవి కథ చెప్పండి. పసిపిల్లల్ని కాపాడే ఆ తల్లి వాహనం పిల్లే. బెంగాల్ వైపు చెప్పుకునే వ్రతకథలో చిన్నకోడలు వంటింట్లో దొంగతనంగా తినేసి, నేరం నల్ల పిల్లి మీదికి నెడుతుంది. దేవి ఊరుకోదు. కోడలి తప్పు కథ కాబట్టి ఆవిడకు నచ్చి తీరుతుంది :) శకునమంటారా, ఎదురురావడం వీధి పిల్లి పని. ఇంట్లోది పొద్దస్తమానం కాళ్లకడ్డం పడుతూనే ఉంటుంది, ఎన్నిసార్లని వెనక్కొచ్చి కూర్చుంటాం?

వైజాగ్ అద్దింటి వాసి:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా ఓనరు పెంపుడు జంతువులు వద్దన్నారు. ఇలాంటి పిల్లులకు నేను చేయగలిగేదేమైనా ఉందా?

గోడమీద పిల్లి:
ఎందుకు లేదు? ఫొటోలు తీయండి. నల్ల పిల్లిని ఊచల మధ్య నుంచి ఫ్లాష్ వేసి తీస్తే రెండు కళ్లూ ఓ చీకటీ వస్తాయి, ఎవరు తీసుకుంటారు? కేజ్ బయట లేత రంగు దుప్పటి మీద, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా, దాని కంటి ఎత్తుకు వంగి తీయండి. కింద ‘పాపం, ఎవరూ లేరు’ అని రాయొద్దు. ‘ఫ్యాన్ కింద వెల్లకిలా పడుకుంటుంది, చేప వాసనకు పరిగెత్తుకొస్తుంది’ అని రాయండి. బెదురు పిల్లుల కేజ్ పక్కన ఊరికే కూర్చుని వచ్చినా మేలే. ఒక పిల్లి పళ్ల వైద్యం ఖర్చో, నెల తిండో పెట్టుకోవచ్చు.

పెరుగన్నం:
అందరికీ ధన్యవాదాలు. వల పని మాట్లాడాం. అత్తయ్యగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ప్యాకెట్ ఫుడ్ బాల్కనీలో పెడితే అభ్యంతరం లేదన్నారు. వచ్చిన కొత్తలో తిండి ముట్టకపోతే ఎన్నాళ్లు ఆగొచ్చు?

పశువైద్యుడు:
మొదటి రాత్రి తినకపోతే కంగారొద్దు. షెల్టర్‌లో తిన్న బ్రాండే తెచ్చి, కొంచెం వెచ్చచేసి వాసన తగిలేలా పెట్టండి. పూర్తిగా ఒక రోజు దాటితే ఫోన్ చేయండి, రెండో రోజూ ముట్టకపోతే తీసుకెళ్లాల్సిందే. పిల్లి పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది, మన ఉపవాసంలా కాదు. మగ పిల్లి కాబట్టి ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే అది ఆ గంటలోనే పరిగెత్తాల్సిన ఎమర్జెన్సీ. దగ్గర్లో రాత్రిపూట తెరిచుండే వెట్ ఎవరో ముందే కనుక్కోండి. పగటిపూటైతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

గోడమీద పిల్లి:
ఒక మాట మరిచా. ఇంకా జంకుగా ఉంటే కొన్ని వారాలు ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా మీ ఇంట్లో ఉంచుకోవడానికి, ఇస్తారేమో అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. పిల్లిని తీసుకొచ్చే పెట్టె, అదే క్యారియర్, పైమూత తెరుచుకునేది కొనండి, బెదిరిన పిల్లిని ముందు తలుపులోంచి తోయడం మీవల్ల కాదు. షెల్టర్‌లో అది పడుకున్న గుడ్డముక్క ఉతక్కుండా అడిగి తెచ్చుకోండి. ఆటోలో వస్తే క్యారియర్ మీద దుప్పటి కప్పండి.