విన్న మాటే తిప్పి చెప్పే పిల్లల్ని ఆపాలా, వద్దా?

చిన్నోడి_నాన్న:
మా బాబుకి 4 ఏళ్లు, ఆటిజం ఉందని తేలింది. "నీళ్లు కావాలా?" అంటే వాడూ "నీళ్లు కావాలా?" అంటాడు. పొద్దున కార్టూన్‌లో విన్న డైలాగు రాత్రి పొల్లు పోకుండా అప్పజెప్తాడు. ఒక స్పీచ్ థెరపిస్ట్ ఇది ఎకోలాలియా, వెంటనే ఆపించి విడి మాటలు నేర్పాలన్నారు. ఇంకొకరేమో వీడు 'గెస్టాల్ట్' పద్ధతిలో, అంటే వాక్యాన్ని మొత్తం ఒకే ముక్కగా పట్టుకుని నేర్చుకునే పిల్లాడు, విడి మాటలు నేర్పొద్దు, ప్రశ్నలు అడగొద్దు అన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. మీరేమంటారు?

నిక్కచ్చి:
ఆపించడమే మంచిది. అర్థం తెలియకుండా వల్లించడం అలవాటైతే సొంతంగా మాట్లాడాల్సిన అవసరమే వాడికి కనిపించదు. బడిలో ఎవరైనా పేరడిగితే "నీ పేరేంటి?" అని తిరిగి అంటే తోటి పిల్లలు వాడితో కలుస్తారా?

భాషాప్రియ:
నిక్కచ్చి గారూ, "అర్థం తెలియకుండా" అన్నారే, నా అభ్యంతరం అక్కడే. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశారు. వారిలో 8 మందికి మాటలు వచ్చాయి. అవుననాల్సిన చోట అడిగిన ప్రశ్ననే తిరిగి చెప్పడం ఆయన అప్పుడే గమనించారు. అంటే చిన్నోడి "నీళ్లు కావాలా?" నిజానికి "కావాలి" కావచ్చు.

తర్వాత చాలాకాలం ఎకోలాలియాని తగ్గించాల్సిన లక్షణంగానే చూశారు. 1981లో బ్యారీ ప్రిజాంట్ తోటి పరిశోధకురాలితో కలిసి ఆటిజం ఉన్న నలుగురు అబ్బాయిలను వీడియో తీసి, వాళ్లు వెంటనే తిప్పి చెప్పిన 1,009 మాటలను పరిశీలించారు. మాట ఒక్కటే కాదు, గొంతు, చూపు, ఒంటి కదలిక కూడా లెక్కలోకి తీసుకుని వాటిని 7 రకాలుగా విడదీశారు. సంభాషణలో తన వంతు నిలుపుకోవడం, అవుననడం, ఏదైనా అడగడం, చేయబోయే పనిని తనకు తానే చెప్పుకోవడం, జవాబిచ్చే ముందు ఒకసారి అనుకుని చూసుకోవడం వంటివి వాటిలో ఉన్నాయి. ఎవరినీ, దేన్నీ ఉద్దేశించని రకం కూడా ఒకటుంది, దాన్ని దాచక్కర్లేదు. కానీ మిగతావన్నీ సంభాషణకో, ఆలోచనకో పనికొస్తున్నవే. అన్నింటినీ కలిపి ఆపించేస్తే, జవాబు చెప్పడానికి వాడికి ఉన్న ఒక్క దారీ మూసేసినట్టే.

నిక్కచ్చి:
నలుగురు పిల్లల మీద చేసిన పరిశీలనని ఇంతగా నమ్మాలా? పిల్లాడి మనసులో ఏముందో చూసేవాళ్లే ఊహించుకుని పేరు పెట్టి ఉండొచ్చు కదా.

భాషాప్రియ:
నలుగురిని చూసి అందరి గురించీ చెప్పలేం, నిజమే. కానీ "ఇదంతా వ్యర్థం" అన్న మాట నిలవదని చెప్పడానికి ఆ నలుగురూ చాలు. ఇక ఊహ సంగతంటారా, ఇంట్లోనే చూడొచ్చు. నీళ్లు అందిస్తే వాడు తాగాడా, గ్లాసు తోసేశాడా?

వాన_చినుకు:
మా పాపకి గెస్టాల్ట్ పద్ధతే మేలు చేసింది. ఇదివరకు సెషన్ అంటేనే ఏడ్చేది. ప్రశ్నలు మానేసి, తను చెప్పే వాక్యాలనే కొద్దిగా మార్చి చెప్పడం మొదలుపెట్టాక ఇప్పుడు తనే కొత్త వాక్యాలు కూర్చుకుంటోంది. పరిశోధన పూర్తయ్యేదాకా పిల్లల వయసు ఆగదు కదండీ.

భాషాప్రియ:
చాలా సంతోషమండీ. ఏడుపు పోవడం చిన్న విషయం కాదు. అయినా తిప్పి చెప్పడంలో అర్థం ఉందనడం వేరు, దాని మీద కట్టిన దశలవారీ గెస్టాల్ట్ పద్ధతి పనిచేస్తుందనడం వేరు. స్పీచ్ థెరపిస్ట్ మార్జ్ బ్లాంక్ 2012లో ఈ దశలను వివరించారు. 2024లో ఈ పద్ధతి మీద అధ్యయనాలు వెతికి సమీక్షించినవారికి, ఫలితాన్ని సరిగ్గా కొలిచినది ఒక్కటీ దొరకలేదు. ఈ వయసులో పిల్లలు ఏ థెరపీ లేకున్నా కొంత ఎదుగుతారు. పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే ఏది పద్ధతి వల్ల, ఏది వయసు వల్ల అని ఎలా తేలుతుంది?

అలాంటి పరీక్ష చేయలేనిదేం కాదు. ఆటిజం పరిశోధకురాలు కోనీ కసారి బృందం 2014లో ప్రచురించిన ట్రయల్‌లో ఆటిజం ఉండి మాటలు అతి తక్కువగా ఉన్న 5-8 ఏళ్ల పిల్లలు 61 మంది ఉన్నారు. వాళ్లని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి థెరపీతోపాటు మాట పలికే పరికరం కూడా మొదటినుంచే ఇచ్చారు. నోటితోగానీ పరికరంతోగానీ సొంతంగా విషయం చెప్పడంలో ఆ గుంపే ముందుంది. ఇలాంటి రుజువు చేతిలో లేకుండా "విడి మాటలు నేర్పొద్దు" అని తల్లిదండ్రులకు నిషేధం పెట్టడం నాకు అన్యాయంగా తోస్తోంది.

చిన్నోడి_నాన్న:
మరి ఇంట్లో ఏం చేయమంటారు?

భాషాప్రియ:
వినికిడి పరీక్ష కాకపోతే ముందు అది చేయించండి. ప్రశ్న అడిగే బదులు వాడు అనాల్సిన మాట మీరే అనండి. "నీళ్లు కావాలి" అంటూ గ్లాసు ఇస్తే, తిప్పి చెప్పినా సరైన వాక్యమే వస్తుంది. వాడు చూస్తున్న బొమ్మ పేరు చెప్పండి, పొడుగు వాక్యాలే అనక్కర్లేదు. డైలాగు అప్పజెప్పినప్పుడు అంతకుముందు ఏం జరిగిందో రాసిపెట్టండి. 3 నెలల్లో ఏం మారాలనుకుంటున్నారు, దాన్ని ఎలా కొలుస్తారు అని థెరపిస్టులిద్దరినీ అడగండి.

వాన_చినుకు:
కొలవాలన్నది ఒప్పుకుంటాను. విడి మాటల విషయం మాత్రం ఒప్పుకోలేను. వాటితో మా పాప పడిన అవస్థ నేను కళ్లారా చూశాను.